లాగడం కాదు, తూగడం

శుక్రవారం సాయంత్రం బండికి చిన్న ట్రైలర్ తగిలించుకుని, రెండు రాత్రులు ఏ చెరువు గట్టునో చెట్ల కిందో గడిపి, ఆదివారం మధ్యాహ్నానికి ఇల్లు చేరే వారాంతపు క్యాంపింగ్ ఉత్తర అమెరికాలో శతాబ్దం నుంచి సాగుతున్న అలవాటు. చిన్న ట్రైలర్ అంటే ఇద్దరు పడుకోగలిగే టియర్‌డ్రాప్, నలుగురు ఇరుక్కుని సర్దుకునే 13 అడుగుల ఫైబర్‌గ్లాస్ గుడ్డు, పైకప్పు లేపితే గుడారమయ్యే పాప్-అప్. సామానుతో కలిపి వీటి బరువు ఇంచుమించు 1,000 నుంచి 2,000 పౌండ్ల మధ్య ఉంటుంది. వీటిని లాగే పాత బండి అంటే పదిహేను, ఇరవై ఏళ్లు తిరిగిన మినీవ్యాన్, చిన్న ఎస్‌యూవీ, ఆరు సిలిండర్ల పికప్.

ఈ అలవాటు మీద ఒక అభిప్రాయం స్థిరపడిపోయింది. ట్రైలర్ లాగాలంటే కొత్తదీ పెద్దదీ అయిన ట్రక్కు ఉండి తీరాలి. పాత బండితో లాగడం పిసినారితనం కాకపోతే తెగింపు. ట్రక్కులు అమ్మేవారి నుంచి క్యాంపు మైదానంలో పక్క గుడారం పెద్దమనిషి వరకు అందరూ ఇదే చెబుతారు. కారణాలు మూడు చూపిస్తారు. ఒకటి, లాగడానికి శక్తి కావాలి, అది పాత ఇంజనులో ఉండదు. రెండు, బండి ఎంత బరువు లాగవచ్చో కంపెనీ చెప్పే అంకె, అంటే టో రేటింగే భద్రతకు కొలమానం. ఆ అంకె ఎంత పెద్దదైతే ప్రయాణం అంత క్షేమం. మూడు, వయసు మీదపడ్డ బండిని నమ్మడానికి లేదు. మూడింటిలోనూ కొంత నిజం ఉంది. ఆ కొంత నిజం మీద కట్టిన తీర్పు మాత్రం తప్పు. చిన్న ట్రైలర్‌కు ఆపద తెచ్చేవి తూకం తప్పిన బరువు, హద్దు మీరిన వేగం, చూసుకోకుండా వదిలేసిన టైర్లూ బ్రేకులూ. కొత్త ట్రక్కు కొన్నంత మాత్రాన వీటిలో ఒక్కటీ సర్దుకోదు.

శక్తి ఎంత కావాలి

శక్తి వాదం చరిత్ర ముందు నిలవదు. 1919లో ఫ్లోరిడాలోని టాంపాలో టిన్ క్యాన్ టూరిస్ట్స్ అనే సంఘం పుట్టింది. కారులో గుడారమూ వంటసామానూ వేసుకుని ఊళ్లు తిరిగేవారి సంఘం అది. తర్వాతి ఏళ్లలో వాళ్లలో చాలామంది ఇంట్లో చేసుకున్న ట్రైలర్లు తగిలించుకున్నారు. వాళ్ల చేతుల్లో బాగా తిరిగిన ఫోర్డ్ మోడల్ టీ ఇంజను శక్తి 20 హార్స్‌పవర్. 1930ల మాంద్యం రోజుల్లో టియర్‌డ్రాప్ వచ్చింది. పత్రికల్లో పడ్డ నమూనాలు చూసి జనం ప్లైవుడ్డుతో పెరట్లోనే కట్టుకున్నారు. 1968లో కెనడాలోని విన్నిపెగ్‌లో బోలర్ అనే ఫైబర్‌గ్లాస్ ట్రైలర్ తయారైంది: పొడవు 13 అడుగులు, ఖాళీ బరువు 1,000 పౌండ్ల లోపు. మామూలు కుటుంబం కారు లాగగలగాలన్నదే దాని వెనక ఉన్న ఆలోచన. తూర్పు జర్మనీలోనైతే 26 హార్స్‌పవర్ ట్రబాంట్ కారు కూడా క్యూఈకే జూనియర్ అనే బుల్లి క్యారవాన్‌ను వెంటబెట్టుకుని సెలవులకు వెళ్లేది. వీటి పక్కన 1990ల నాటి జీప్ చెరోకీ 190 హార్స్‌పవర్ ఇంజనును, 2011 నాటి టొయోటా సియెన్నా మినీవ్యాన్ 266 హార్స్‌పవర్ వీ6 ఇంజనును పెట్టి చూస్తే, పాత బండికి శక్తి చాలదన్న మాటలో పస ఎంతో తెలుస్తుంది.

ఆ రోజుల్లో వేగాలు తక్కువ కదా అన్నది దీనికి వచ్చే జవాబు. అసలు సంగతి ఆ జవాబులోనే ఉంది. శక్తి ఎంత కావాలో నిర్ణయించేది ట్రైలర్ కన్నా ముందు వేగం. గాలి అడ్డు వేగం వర్గాన్ని బట్టి పెరుగుతుంది. దాన్ని ఎదుర్కోవడానికి కావలసిన శక్తి వేగం ఘనాన్ని బట్టి పెరుగుతుంది. గంటకు 55 మైళ్ల నుంచి 65 మైళ్లకు వెళితే గాలి అడ్డు 40 శాతం, దానికి కావలసిన శక్తి 65 శాతం పెరుగుతాయి. వంద మైళ్ల దారిలో ఈ తేడా వల్ల కలిసొచ్చే సమయం 17 నిమిషాలు. ఆ 17 నిమిషాల కోసం అరవై వేల డాలర్ల ట్రక్కు కావాలనడం లెక్కకు అందని మాట. పైగా ఈ నెమ్మది చాలాచోట్ల చట్టమే. ట్రైలర్ లాగే బండికి కాలిఫోర్నియాలో గరిష్ఠ వేగం 55 మైళ్లు, బ్రిటన్ మోటార్‌వేల మీద 60 మైళ్లు. జర్మనీలో మామూలుగా 80 కిలోమీటర్లు; ప్రత్యేక అనుమతి పొందిన బండి-ట్రైలర్ జోడీకి మాత్రమే 100.

ట్రైలర్ ఆకారం కూడా ఈ లెక్కలో భాగమే. టియర్‌డ్రాప్ ఎత్తు కారు ఎత్తును పెద్దగా దాటదు. కారు చీల్చిన గాలి చాటునే వెళుతుంది. ఎనిమిది అడుగుల వెడల్పు, పదడుగుల ఎత్తు ఉన్న పెట్టె ట్రైలర్ గోడలా గాలికి ఎదురు నిలుస్తుంది. పెద్ద ట్రక్కు కావాలన్న సలహా ఆ గోడను లాగేవారి అనుభవంలో పుట్టింది. వాళ్ల విషయంలో అది సరైనదే. అదే సలహాను గుడ్డు ఆకారపు చిన్న ట్రైలర్‌కు అతికించడంలోనే పొరపాటు ఉంది.

రేటింగ్ ఏం చెబుతుంది, ఏం చెప్పదు

టో రేటింగ్ ఎలా పుడుతుందో చూస్తే ఆ అంకె మీద ఉన్న భక్తి కొంత తగ్గుతుంది. చాలాకాలం పాటు ఏ కంపెనీ రేటింగ్‌ను ఆ కంపెనీయే తనకు తోచిన పరీక్షలతో వేసుకునేది. తర్వాత ఎస్‌ఏఈ జే2807 అనే ఉమ్మడి ప్రమాణం వచ్చింది. 2011 మోడళ్లతో టొయోటా దాన్ని మొదట అమలు చేసింది, మిగతావి ఒక్కొక్కటిగా చేరాయి. అందులోని పేరున్న పరీక్ష ఆరిజోనాలోని డేవిస్ డ్యామ్ ఎక్కుడు. నూరు డిగ్రీల ఫారెన్‌హీట్ ఎండలో, ఏసీ పూర్తిగా పెట్టి, సుమారు పన్నెండు మైళ్ల చడావును ఎక్కాలి. వెనక జంట టైర్లు లేని ట్రక్కు ఆ చడావులో గంటకు 40 మైళ్ల కన్నా తగ్గకూడదు. సమతల రోడ్డు మీద 60 మైళ్ల వేగం అందుకోవడానికి 30 సెకన్ల గడువు ఉంది. అంటే కొత్త ట్రక్కు గొప్పగా చూపించే రేటింగ్ కూడా, కొండ మీద 40 మైళ్లకు పడిపోవడాన్ని ఒప్పుకునే ఏర్పాటే. పాత బండి చేసినప్పుడు తప్పుగా కనిపించే నెమ్మది, కొత్త ట్రక్కు చేసినప్పుడు ప్రమాణం అవుతోంది.

ఈ ప్రమాణానికి ముందు తయారైన బండ్ల రేటింగ్‌లను ఇప్పటి వాటితో సరిపోల్చలేమన్నది నిజం. దానికి మందు సులువే: పాత బండి రేటింగ్‌లో సగానికి మించకుండా లాగడం. పదిహేనేళ్ల మినీవ్యాన్‌కు సరైన హిచ్ (ట్రైలర్‌ను తగిలించే కొక్కెం), టోయింగ్ ఏర్పాట్లతో 3,500 పౌండ్ల రేటింగ్ ఉంటే, సామానుతో కలిపి 1,600 పౌండ్ల ట్రైలర్ ఆ సగంలోనే ఒదుగుతుంది.

రేటింగ్ దేశాన్ని బట్టి కూడా మారుతుంది. ఫోక్స్‌వాగన్ గోల్ఫ్ వంటి కార్లకు యూరప్ మాన్యువళ్లు 1,000 కిలోలకు పైగా లాగవచ్చని చెబితే, అమెరికా మాన్యువళ్లు అసలు లాగవద్దన్నాయి. అట్లాంటిక్ దాటినంత మాత్రాన ఇంజను బలహీనపడదు. మారేవి వేగం, హిచ్ మీద వేసే బరువు, వారంటీ బాధ్యతలు. ఇందులోంచి యూరప్ అంకెను అమెరికా రోడ్డు మీద వాడుకోవచ్చని అర్థం తీయకూడదు; యూరప్ అంకె యూరప్ వేగాలకే చెల్లుతుంది. తేలేదల్లా ఇంతే: రేటింగ్ ప్రకృతి నియమం కాదు, కొన్ని షరతుల మీద వేసిన అంచనా.

బ్రిటన్ క్యారవాన్ సంఘాలు కొత్తగా లాగేవారికి మరో కొలత చెబుతాయి. ట్రైలర్ బరువు కారు బరువులో 85 శాతం మించకూడదు. ఈ కొలతతో రెండు జోడీలను పక్కపక్కన పెట్టి చూడవచ్చు. దాదాపు 4,450 పౌండ్ల పాత సియెన్నా 1,600 పౌండ్ల ట్రైలర్‌ను లాగితే నిష్పత్తి 36 శాతం. 5,200 పౌండ్ల కొత్త పికప్ తన రేటింగ్ లోపలే 8,000 పౌండ్ల ట్రైలర్‌ను లాగితే నిష్పత్తి 154 శాతం. రెండో జోడీలో వెనకున్నది ముందున్నదాని కన్నా ఒకటిన్నర రెట్లు బరువు. అయినా లోకం హెచ్చరించేది మొదటి జోడీనే.

రేటింగ్ మరుగున పడేసే అంకె పేలోడ్. డ్రైవరు తలుపు తెరిస్తే ద్వారబంధం మీద ఒక స్టిక్కరు కనిపిస్తుంది. మనుషులు, సామాను కలిసి ఇన్ని పౌండ్లకు మించకూడదని అందులో ఉంటుంది. హిచ్ మీద ట్రైలర్ మోపే బరువు కూడా ఆ లెక్కలోకే వస్తుంది. అమెరికా తెలుగు కుటుంబాలకు ఈ స్టిక్కరు ప్రత్యేకంగా ముఖ్యం. వేసవిలో ఇండియా నుంచి అమ్మమ్మా తాతయ్యా వచ్చినప్పుడు మినీవ్యాన్ నిండిపోతుంది. స్టిక్కరు మీద 1,200 పౌండ్లు ఉందనుకుంటే లెక్క ఇలా సాగుతుంది. నలుగురు పెద్దలు 600, ఇద్దరు పిల్లలు 140, ఐస్ పెట్టె, బియ్యం, కుక్కర్, దుప్పట్లు 150, హిచ్ ఇనుము 40, హిచ్ మీద ట్రైలర్ బరువు 190. మొత్తం 1,120. లాగే బరువు రేటింగ్‌లో సగం కూడా కాకముందే మోసే బరువు అంచుకు చేరింది. టెక్సాస్‌లోని ఫ్రిస్కో నుంచి సుమారు వంద మైళ్ల దూరంలోని లేక్ మినరల్ వెల్స్ స్టేట్ పార్కుకు ఈ కుటుంబం వెళ్లవచ్చు. దారిలో ఎత్తయిన కనుమ ఒక్కటీ లేదు. కానీ ఇంకో మనిషిని ఎక్కించుకుంటే లెక్క తప్పుతుంది.

కొత్త ట్రక్కు ఈ చిక్కు నుంచి తప్పించదు. హంగులు ఎక్కువైన కొద్దీ ట్రక్కు సొంత బరువు పెరిగి పేలోడ్ తగ్గుతుంది. 1,400 పౌండ్ల పేలోడ్ ఉన్న ట్రక్కు ప్రకటనలో 10,000 పౌండ్లు లాగగలదని ఉంటే, ఆ ట్రైలర్ హిచ్ మీద మోపే బరువే 1,200 పౌండ్ల దాకా పోతుంది. మనుషులకూ సామానుకూ మిగిలేది 200 పౌండ్లు. ప్రకటనను నమ్మి కొన్నవారు ఈ హద్దును తెలియకుండానే దాటుతుంటారు.

కాడి నేర్పిన పాఠం

ట్రైలర్ ప్రమాదాల్లో భయంకరమైనది అటూ ఇటూ ఊగడం. దానికి మూలం ఎక్కువగా తూకంలో ఉంటుంది. తెలుగు పల్లెల్లో ఎడ్లబండి తోలినవారికి ఈ సూత్రం కొత్త కాదు. రెండు చక్రాల బండికి ఇరుసు ఒక్కటే. గడ్డి వెనక్కి ఎక్కువ పడితే కాడి పైకి లేస్తుంది, ఎద్దుల పట్టు పోతుంది. ముందుకు ఎక్కువ పడితే మెడలు కుంగుతాయి. అందుకే బండి కట్టేవాడు బరువును ఇరుసుకు కొద్దిగా ముందుకు సర్ది, కాడిని చేత్తో ఎత్తి చూసి గాని ఎడ్లను కట్టడు. ఒంటి ఇరుసు ట్రైలర్‌కూ ఇదే పద్ధతి. ట్రైలర్ ముందుకొన హిచ్ మీద మోపే బరువును టంగ్ వెయిట్ అంటారు. ట్రైలర్ మొత్తం బరువులో అది 10 నుంచి 15 శాతం ఉండాలన్నది అమెరికాలో పాటించే హద్దు. తక్కువైతే ట్రైలర్ తోక బరువెక్కి, ఒక వేగం దాటాక ప్రతి ఊపూ మునుపటి దాని కన్నా పెద్దదవుతుంది. ఎక్కువైతే బండి వెనక భాగం కుంగి, ముందు చక్రాలకు పట్టు తగ్గుతుంది.

దీన్ని కొలవడానికి ట్రక్కు అక్కర్లేదు, ఇంట్లో మనిషి బరువు చూసుకునే కాటా చాలు. మూడడుగుల చెక్కను ఒక చివర కాటా మీద, రెండో చివర అంతే ఎత్తు ఇటుక మీద పెట్టాలి. సామానంతా సర్దిన ట్రైలర్‌ను సమంగా నిలిపి, దాని ముందుకొనను ఇటుక నుంచి ఒక అడుగు, కాటా నుంచి రెండడుగుల దూరంలో చెక్క మీద దించాలి. కాటా చూపిన అంకెను మూడుతో గుణిస్తే టంగ్ వెయిట్ వస్తుంది. కాటా 64 చూపితే 192 పౌండ్లు; 1,600 పౌండ్ల ట్రైలర్‌కు అది 12 శాతం. బాగానే ఉంది.

ఇప్పుడు అదే ట్రైలర్ వెనక ర్యాకు తగిలించి రెండు సైకిళ్లు ఎక్కిస్తే ఏమవుతుందో చూడాలి. ర్యాకుతో కలిపి వాటి బరువు 110 పౌండ్లనీ, అవి ఇరుసుకు ఏడడుగులు వెనక వేలాడుతున్నాయనీ, హిచ్ ఇరుసుకు తొమ్మిది అడుగులు ముందుందనీ అనుకుంటే, తరాజు సూత్రం ప్రకారం ముందుకొన మీద 86 పౌండ్లు తేలిపోతాయి. 192 కాస్తా 106 అవుతుంది. మొత్తం బరువు 1,710కి పెరిగింది కాబట్టి టంగ్ వెయిట్ 6 శాతానికి దిగింది. ఉదయం నిలకడగా వెళ్లిన ట్రైలర్ సాయంత్రం లారీ పక్కనుంచి దూసుకుపోగానే ఊగడం మొదలుపెడితే తప్పు లాగే బండి వయసుది కాదు. సైకిళ్లను కారు పైకి మార్చి, నీళ్ల డబ్బాలను ఇరుసుకు కొద్దిగా ముందుకు జరిపి మళ్లీ కాటా చూస్తే ఆ సమస్య పైసా ఖర్చు లేకుండా తీరుతుంది.

కొత్త ట్రక్కుల్లో ఊపును పసిగట్టి చక్రాలకు విడివిడిగా బ్రేకు వేసే ఎలక్ట్రానిక్ ఏర్పాటు ఉంటుంది. అది మంచిదే. అమెరికాలో 2012 మోడళ్ల నుంచి తేలికపాటి బండ్లన్నింటికీ ఎలక్ట్రానిక్ స్టెబిలిటీ కంట్రోల్ తప్పనిసరి అయింది. అంతకు ముందువాటిలో చాలావాటికి అది లేదు. ఇది పాత బండికి నిజమైన లోటు, దాచాల్సిన పనిలేదు. అయితే ఆ ఏర్పాటు ఊపు మొదలయ్యాక పనిచేస్తుంది. ఊపు ఎందుకు మొదలైందో దానికి తెలియదు, తూకం తప్పిన సామానును అది సర్దదు. ఊపు వస్తే యాక్సిలరేటర్ మీది నుంచి కాలు తీయడం, స్టీరింగ్‌ను తిన్నగా పట్టుకోవడం, ట్రైలర్ బ్రేకును మాత్రం చేత్తో నెమ్మదిగా వేయడం ఏ బండి డ్రైవరైనా నేర్చుకోవలసినవే.

వయసు దేనికి

పాత బండిని నమ్మలేమన్న మూడో వాదం వయసును ఒకే ముద్దగా చూస్తుంది. బండి మొత్తం ఒకేసారి ముసలిది కాదు. రబ్బరు, నూనె, ద్రవాలు ముసలివవుతాయి, వాటిని మార్చవచ్చు. రేడియేటర్ గొట్టాలు, కూలెంట్, బ్రేక్ ద్రవం, ట్రాన్స్‌మిషన్ ఆయిల్, వెనక స్ప్రింగులు, షాక్ అబ్జార్బర్లు: చూడవలసిన జాబితా పొడవైనదేమీ కాదు. మెకానిక్ ఒక్క రోజులో చూసి చెప్పగలిగేవే.

లాగే బండిలో ముందు దెబ్బతినేది ఆటోమేటిక్ గేర్ల పెట్టె. పై గేరులో లాగలేక, కింది గేరుకు దిగి, మళ్లీ పైకెక్కుతూ అది ఊగిసలాడితే నూనె వేడెక్కి మాడుతుంది. ఓవర్‌డ్రైవ్ అనే ఆ పై గేరును ఆపి ఒక గేరు కిందనే నడపడం, అదనంగా ఒక చిన్న ఆయిల్ కూలర్ బిగించడం దీనికి విరుగుడు. ఎక్కుడుల్లో ఇంజను వేడి చూపే ముల్లు మీద కన్నేసి ఉంచాలి. లాస్ వేగస్ దారిలో కాలిఫోర్నియాలోని బేకర్ దగ్గర పొడవైన ఎక్కుడు ఉంది. ఇంజను వేడెక్కకుండా ఏసీ ఆపమని అక్కడ బోర్డులు పెట్టారు. ఆ బోర్డును పాటిస్తే పాత బండికి అయ్యే నష్టం ఇరవై నిమిషాల చెమట. దిగుడులో బ్రేకు మీద కాలు ఆనించి ఉంచకుండా కింది గేరులో ఇంజనుతోనే వేగాన్ని పట్టి ఉంచాలి. ఎక్కిన గేరులోనే దిగాలన్న పాత లారీ డ్రైవర్ల సూత్రం ఇక్కడా చెల్లుతుంది.

వయసు అసలు ప్రమాదంగా మారే చోటు లాగే బండిలో కన్నా ట్రైలర్‌లోనే ఎక్కువ. ఏడాదిలో పది వారాంతాలు తిరిగి మిగతా కాలమంతా ఎండలో నిలబడే ట్రైలర్ టైర్లు అరిగి పోవు, ఎండి పోతాయి. గాళ్లు లోతుగా ఉన్నాయి కదా అని చూసి మోసపోతారు. టైరు పక్కగోడ మీద కోడిగుడ్డు ఆకారపు గీతలో నాలుగు అంకెలుంటాయి. 2318 అని ఉంటే ఆ టైరు 2018లో 23వ వారంలో తయారైంది. దాన్ని మార్చే కాలం వచ్చిందని ఆ అంకెలే చెబుతాయి. వేరే వేగం ముద్రించి ఉంటే తప్ప ట్రైలర్ టైర్లు సాధారణంగా గంటకు 65 మైళ్లకే ఉద్దేశించినవి. ముందున్న ట్రక్కు 80లో హాయిగా వెళ్లగలిగినంత మాత్రాన వెనక టైరు బలం పెరగదు. చక్రాల బేరింగుల సంగతీ ఇంతే. మొదటి పెట్రోలు బంకులో ఆగినప్పుడు రెండు చక్రాల మధ్యభాగాన్నీ జాగ్రత్తగా అరచేత్తో తాకి చూస్తే చాలు. గోరువెచ్చగా ఉంటే సరే. ఒకటి చెయ్యి పెట్టలేనంత కాలుతుంటే గ్రీజు ఎండిందో, బేరింగు పోతోందో, బ్రేకు పట్టేసిందో అర్థమవుతుంది. కొత్త ట్రక్కు వెనక తొమ్మిదేళ్ల టైర్లు తిరగడం అరుదైన దృశ్యం కాదు. ట్రక్కు మీద పెట్టిన నమ్మకం వెనక్కి తిరిగి చూడనివ్వదు.

బ్రేకుల విషయంలోనూ చూపు ట్రైలర్ మీదే ఉండాలి. కాలిఫోర్నియా చట్టం 1,500 పౌండ్ల క్యాంపు ట్రైలర్‌కే సొంత బ్రేకులు అడుగుతుంది, యూరప్‌లో 750 కిలోలు దాటితే అడుగుతారు, టెక్సాస్ 4,500 పౌండ్ల దాకా అడగదు. 1,600 పౌండ్ల ట్రైలర్ రాష్ట్రం సరిహద్దు దాటితే తేలికవదు. మనుషులతో నిండిన మినీవ్యాన్ వెనక బ్రేకులు లేని ఆ ట్రైలర్ ఉంటే, అదే వేగం నుంచి ఆగడానికి వ్యాన్ బ్రేకులు దాదాపు 30 శాతం ఎక్కువ శక్తిని మింగాలి. ట్రైలర్‌కు ఎలక్ట్రిక్ బ్రేకులు, బండిలో వాటి కంట్రోలర్, నాలుగు పిన్నుల ప్లగ్గు బదులు ఏడు పిన్నుల ప్లగ్గు అమరిస్తే ట్రైలర్ తన భారం తానే ఆపుకుంటుంది.

హద్దులు, ఖర్చు

పాత బండి వద్దని చెప్పవలసిన చోట్లు ఉన్నాయి. అవి వయసు పేరుతో కాక కారణం పేరుతో చెప్పాలి. టర్బో లేని ఇంజను ప్రతి వెయ్యి అడుగుల ఎత్తుకూ దాదాపు 3 శాతం శక్తి కోల్పోతుంది. కొలరాడోలో 11,000 అడుగులకు పైనున్న ఐసెన్‌హోవర్ సొరంగం చేరేసరికి మూడో వంతు పోతుంది. నిండు మినీవ్యాన్‌తో అక్కడికి ట్రైలర్ లాగడం తెలివైన పని కాదు. చలికాలంలో రోడ్లకు ఉప్పు చల్లే మిషిగన్, ఒహాయో వంటి రాష్ట్రాల్లో తిరిగిన బండికి అడుగు భాగం తుప్పు పట్టి ఉంటే, హిచ్ బిగించే చోటే బలహీనం. అలాంటి బండి ఖాళీ ట్రైలర్‌ను కూడా లాగకూడదు. మూడున్నర వేల పౌండ్ల పెట్టె ట్రైలర్‌కు, ఫోన్ సిగ్నల్ లేని ఎడారి దారుల్లో ఒంటరి ప్రయాణానికి కూడా మెరుగైన బండి కావాలి. ఈ హద్దుల లోపల మిగిలేది చిన్నదేమీ కాదు. ఇంటికి రెండు మూడు గంటల దూరంలో, మామూలు ఎత్తుపల్లాల దారిలో ఉన్న పార్కులే వారాంతపు క్యాంపింగ్‌లో అధిక భాగం.

ఖర్చు లెక్క ఈ వాదాన్ని పూర్తి చేస్తుంది. ఏడాదికి పది వారాంతాలు క్యాంపింగ్‌కు వెళ్లినా, వెళ్లే రోజు, వచ్చే రోజు కలిపి ట్రైలర్ లాగేది 20 రోజులు. మిగతా 345 రోజులు 50,000 డాలర్లు దాటే ట్రక్కు కూరగాయల దుకాణానికీ పిల్లల బడికీ ఖాళీ వెనక భాగంతో తిరుగుతుంది. అప్పటికే ఇంట్లో ఉన్న బండికి హిచ్, వైరింగ్, ఆయిల్ కూలర్, ట్రైలర్‌కు కొత్త టైర్లు అమర్చడానికయ్యే ఖర్చు సాధారణంగా ఆ ట్రక్కు నెలవాయిదాలు రెండు మూడింటితో సరిపోతుంది. భద్రత కోసమని చెప్పి చేసే పెద్ద ఖర్చు తూకానికీ టైర్లకూ బ్రేకులకూ చేరకుండా ఇంజనుకే పోతోంది.

కాబట్టి అడగవలసిన ప్రశ్నల వరస మారాలి. ముందు, సామానూ నీళ్లూ నింపిన ట్రైలర్ అసలు బరువెంత? నమూనా కరపత్రంలోని ఖాళీ బరువు దీనికి పనికిరాదు. హైవే పక్క ట్రక్ స్టాపులోని వేబ్రిడ్జి మీద ఆపితే 20 డాలర్ల లోపు ఖర్చుతో తెలుస్తుంది. తర్వాత, అందులో ఎంత శాతం హిచ్ మీద మోపుతోంది? మనుషులతో కలిపితే తలుపు స్టిక్కరు హద్దులో ఉందా? ట్రైలర్‌కు సొంత బ్రేకులున్నాయా? టైర్ల మీది నాలుగు అంకెలు ఏ ఏడాది చూపుతున్నాయి? కూలెంట్, ట్రాన్స్‌మిషన్ ఆయిల్ ఎప్పుడు మార్చారు? దారిలో ఎంత ఎత్తు ఎక్కాలి? వీటన్నింటికీ సరైన జవాబు ఉన్న బండి పదిహేనేళ్లదైనా బయల్దేరవచ్చు. ఒక్కదానికి జవాబు తప్పినా, నిన్న షోరూమ్ నుంచి వచ్చిన ట్రక్కు అయినా సరే, అది సరిచేశాకే కదలాలి.